పక్క గదిలో టీచరుకు నా కన్నా రెట్టింపు జీతం: "సమాన పనికి సమాన వేతనం" అని కోర్టుకు వెళ్ళొచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. మీరు మెగా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) 2025లో ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా ఎంపికై ఏపీలో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో చేరారు. బడిలో ఇద్దరే టీచర్లు. పక్క గదిలో పాఠం చెప్పే మేడం 2001 డీఎస్సీ. పిల్లల సంఖ్య మీకే కాస్త ఎక్కువ, ఆన్‌లైన్ పనులన్నీ మీ మీదే. ఆవిడ పే స్లిప్ చూశాక మీ నిద్ర పట్టలేదు. ఒకే పని, ఒకే పోస్టు, మీకు సగం కూడా లేదు. కోర్టుకు వెళ్తే నిలబడుతుందా, లేకపోతే ఎన్నేళ్ళకు ఆవిడ స్థాయికి వస్తారు, ఇదీ మీరు అడిగింది.

సూటిగా చెప్పాలంటే కోర్టులో నిలబడదు. ఆవిడ సర్వీసులో ఉన్నంతకాలం మీరు ఆవిడను అందుకోలేరు కూడా. కానీ మీకు నిజంగా నష్టం జరుగుతున్నది మీరు చూస్తున్న చోట కాదు. బేసిక్‌లో తేడా చట్టబద్ధమైనది, నా ఉద్దేశంలో న్యాయమైనది కూడా. నష్టం వేరే మూడు చోట్ల ఉంది: పెన్షన్‌లో, రాబోయే పీఆర్సీలో (వేతన సవరణలో), మీ సర్వీస్ రిజిస్టర్‌లో (ఎస్ఆర్). ఈ మూడింటి గురించి కొత్తగా చేరినవాళ్ళు అడగరు, వాళ్ళకు చెప్పేవాళ్ళూ తక్కువ. నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం జీతాల బిల్లులు, ఫిక్సేషన్లు (ఎవరి బేసిక్ ఎంతో తేల్చే లెక్కలు) చూడటంలోనే గడిచింది, ఇప్పటికీ చుట్టుపక్కల టీచర్లు ఎస్ఆర్ పట్టుకుని వస్తుంటారు. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చూద్దాం. 2022 పీఆర్సీలో ఎస్‌జీటీ స్కేలు 32,670 నుంచి 1,01,970. మీరు 32,670 దగ్గర మొదలుపెట్టారు. ఆ మేడం ఇన్నేళ్ళ ఇంక్రిమెంట్లు, మధ్యలో ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్ళు (ఒకే పోస్టులో ఏళ్ళు గడిస్తే ఇచ్చే పై స్కేళ్ళు) కలిపి ఇప్పుడు 70,850 దగ్గర ఉన్నారనుకుందాం. డీఏ (కరువు భత్యం) శాతం ఇద్దరికీ ఒకటే, లెక్క సులువు కోసం 37 శాతం వేసుకోండి. మీ బేసిక్, డీఏ కలిపి 44,758. పల్లెటూరు కాబట్టి 10 శాతం హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 3,267. మొత్తం 48 వేలు. ఆవిడకు అదే బడిలో అదే హెచ్ఆర్ఏ శాతంతో లక్షా నాలుగు వేలు దాటుతుంది. ఇందులో ఆవిడకు ప్రత్యేకంగా ఇచ్చిన అలవెన్సు ఏదీ లేదు. తేడా అంతా బేసిక్ నుంచే పుట్టింది, మిగతావన్నీ దాని మీద శాతాలే.

అందుకోలేరని ఎందుకన్నానంటే, ఇంక్రిమెంట్ కూడా దాదాపు శాతంలాగే నడుస్తుంది. మాస్టర్ స్కేల్‌లో, అంటే అన్ని స్కేళ్ళకూ మూలమైన పట్టికలో, మీ మొదటి ఇంక్రిమెంట్ 920 రూపాయలు. 70,850 దగ్గర ఇంక్రిమెంట్ 1,960. రెండూ బేసిక్‌లో మూడు శాతానికి కొంచెం తక్కువే, కానీ రూపాయల్లో ఏటేటా ఆవిడ ఇంకో వెయ్యి దూరం జరుగుతూనే ఉంటారు. పీఆర్సీ వచ్చినప్పుడు ఫిట్‌మెంట్ (పాత బేసిక్ మీద ఇచ్చే పెంపు) కూడా శాతమే కాబట్టి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు, నిచ్చెన కట్టిన పద్ధతే అంత. ఇరవై నాలుగేళ్ళ తర్వాత మీ పక్క గదిలో కొత్తగా చేరే టీచరుకూ మీకూ మధ్య ఇంత తేడానే ఉంటుంది, ఆ రోజు పైన ఉండేది మీరు.

ఇక కోర్టు మాట. సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1982లో రణ్‌ధీర్ సింగ్ కేసులో రాజ్యాంగం 39(డి) అధికరణం ఆధారంగా గట్టిగా చెప్పింది. 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో ఇంకో అడుగు వేసి, రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు ఆ పోస్టు స్కేలులో కనీస వేతనం ఇవ్వాలంది. కనీస వేతనం అన్న మాట గమనించండి, ఇంక్రిమెంట్లు కాదు. అంటే ఈ సూత్రం స్కేలు బయట ఉన్నవాళ్ళను స్కేలు మొదటి మెట్టు దాకా తీసుకొస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. మీరు ఆ మెట్టు మీదే ఉన్నారు. మీరూ ఆవిడా ఒకే స్కేలులో ఉన్నారు, ఒకే నిబంధనల కింద ఇంక్రిమెంట్ తీసుకుంటున్నారు, ఇక కోర్టును ఏం అడుగుతారు? ఈ సూత్రం నిజంగా అవసరమైనవాళ్ళు వేరే ఉన్నారు. కాంట్రాక్టు లెక్చరర్లు, మినిమం టైమ్ స్కేలు (ఇంక్రిమెంట్లు లేకుండా స్కేలు కనీసం మాత్రమే) మీద ఏళ్ళ తరబడి ఉన్న 1998, 2008 డీఎస్సీ వాళ్ళు. వాళ్ళు మీ కన్నా వయసులో పెద్ద, చాలామందికి జీతం మీ కన్నా పెరగదు. పక్కబడిలో అలాంటివాళ్ళుంటే ఒకసారి మాట్లాడి చూడండి.

న్యాయమేనా అన్నదానికి నా అభిప్రాయం చెబుతాను, అందరూ ఒప్పుకోకపోవచ్చు. మొదటి పది పన్నెండేళ్ళ ఇంక్రిమెంట్లు అనుభవానికి ఇచ్చే డబ్బు అంటే నేను నమ్ముతాను. ఒకటో తరగతి పిల్లలకు చదవడం నేర్పిన టీచరుకు, నిన్న వచ్చిన టీచరుకు చేతిలో తేడా ఉంటుంది, అది మీరే రెండేళ్ళలో చూస్తారు. కానీ ఇరవయ్యో ఏడాది నుంచి ఇరవై ఐదో ఏడాదికి వచ్చే పెంపు అనుభవానికని చెప్పలేం. అది ఒక ఒప్పందం. ప్రభుత్వం మొదట్లో తక్కువ ఇస్తుంది, నిలకడగా ఉంటే చివర్లో ఎక్కువ ఇస్తుంది, రిటైరయ్యాక బతికినంతకాలం చూస్తుంది. ఆ మేడం కూడా చేరినప్పుడు కొద్ది జీతానికే చేరారు. ఇప్పుడు తీసుకుంటున్న దాంట్లో కొంత అప్పుడు ఆవిడకు తక్కువ ఇచ్చినదే. పాత తరంలో ఇంకా ఘోరం, నెలకు 398 రూపాయల మీద పనిచేసిన స్పెషల్ టీచర్లున్నారు. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్ల (లెక్కకు మాత్రమే వేసే ఇంక్రిమెంట్లు) కోసం వాళ్ళు ఎన్నేళ్ళు తిరిగారో నేను కళ్ళారా చూశాను.

మొదట్లో తక్కువ తీసుకోవడానికి ఒప్పుకున్నామంటే చివరి భాగం మీద నమ్మకంతోనే. ఆ ఒప్పందంలో చివరి భాగాన్ని 2004లో కోసేశారు. మొదటి భాగం, అంటే తక్కువతో మొదలుపెట్టడం, అలాగే ఉంచారు. నేను నష్టం వేరే చోట ఉందన్నది ఇదే.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1న, ఆ తర్వాత చేరినవాళ్ళందరికీ సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం. మీ బేసిక్, డీఏ మొత్తం మీద 10 శాతం నెలనెలా పోతుంది. పై లెక్కలో అది 4,476 రూపాయలు. అంటే 48 వేలలో మీ చేతికి వచ్చేది 43 వేల చిల్లరే, వృత్తి పన్ను, మిగతా కోతలు అందులోంచి మళ్ళీ పోతాయి. ప్రభుత్వం కూడా తన వాటా వేస్తుంది. ఆ మేడానికి జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) కోత ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది, కానీ అది ఆవిడ సొంత పొదుపు. వడ్డీ వస్తుంది, పిల్ల పెళ్ళికో ఇంటికో అవసరమైతే అప్పుగానో, తిరిగి కట్టనక్కర్లేని పార్ట్ ఫైనల్‌గానో తీసుకుంటారు, రిటైరయ్యే రోజు మొత్తం చేతికి వస్తుంది. పెన్షన్ దానికి సంబంధం లేకుండా విడిగా వస్తుంది, దాని కోసం ఆవిడ జీతంలోంచి రూపాయి కట్ కాదు. మీ 10 శాతం మాత్రం పెన్షన్ కోసమే, మధ్యలో తీసుకోవడానికి దారులు చాలా ఇరుకు.

చివర్లో ఏమవుతుందో చూడండి. పూర్తి సర్వీసు ఉన్న పాత పెన్షన్ ఉద్యోగి 76,730 బేసిక్‌తో రిటైరైతే అందులో సగం, 38,365 పెన్షన్. దాని మీద డీఆర్ (పెన్షనర్లకిచ్చే డీఏ), పీఆర్సీ వచ్చినప్పుడల్లా పెన్షన్ కూడా మారుతుంది. సీపీఎస్‌లో మీ ఖాతాలో కోటి రూపాయలు పోగైందనుకుందాం. 60 శాతం చేతికి ఇస్తారు, కనీసం 40 శాతం, అంటే 40 లక్షలతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే పథకం) కొనాలి. దాని మీద ఏడాదికి 6 శాతం వస్తే నెలకు 20 వేలు. ఆ 20 వేలకు డీఏ లేదు, పీఆర్సీ లేదు. పదేళ్ళ తర్వాత కూడా అదే 20 వేలు. 60 లక్షలు చేతికి వచ్చాయి కదా అంటే నిజమే, దాన్ని జాగ్రత్తగా పెట్టుకోగలిగినవాళ్ళకు బాగానే ఉంటుంది. కానీ పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఇంటి అప్పులు అన్నీ సరిగ్గా ఆ రోజు కోసమే కాచుకుని ఉంటాయి. మన ఇళ్ళ సంగతి మనకు తెలియంది కాదు.

ఇక్కడ ఒక్క విషయం మీరు సరిచేసుకోవాలి. సీనియర్లంతా ఒక వైపు, జూనియర్లంతా ఒక వైపు అని అనుకోకండి. 2003 డీఎస్సీ వాళ్ళను తీసుకోండి. నోటిఫికేషన్ 2003లో వచ్చింది, పోస్టింగులు 2005 నవంబరులో ఇచ్చారు. ఆలస్యం వాళ్ళది కాదు, అయినా సీపీఎస్‌లో పడ్డారు. కేంద్రం తన ఉద్యోగుల్లో ఇలాంటివాళ్ళకు, అంటే నోటిఫికేషన్ ముందే వచ్చి చేరడం ఆలస్యమైనవాళ్ళకు, పాత పెన్షన్‌కు ఆప్షన్ ఇచ్చింది. మెమో 57 అని మీరు ధర్నాల్లో వినేది దాని సంగతే. వాళ్ళకు ఇప్పుడు ఇరవై ఏళ్ళ సర్వీసు, జీతం మీకన్నా చాలా ఎక్కువ, పెన్షన్ విషయంలో మాత్రం మీ పక్కనే నిలబడి ఉన్నారు. 2001 డీఎస్సీ టీచరుకూ 2003 డీఎస్సీ టీచరుకూ మధ్య అసలు దూరం, 2003 వాళ్ళకూ మీకూ మధ్య ఉన్నదానికంటే పెద్దది. పే స్లిప్‌లో అది కనిపించదు, రిటైరయ్యాకే తెలుస్తుంది. కాబట్టి పోట్లాడాల్సింది పక్క గదితో కాదు, పెన్షన్ కోసం. అందులో ఇరవై ఏళ్ళవాళ్ళు మీకు తోడుంటారు.

రెండోది పీఆర్సీ. ఇది మీ బ్యాచ్ వాళ్ళు ఎవరూ పట్టించుకోవట్లేదు, అందుకే వివరంగా చెబుతాను.

పీఆర్సీ అనగానే అందరూ ఫిట్‌మెంట్ ఎంత అంటారు. 2010లో 39, 2015లో 43, ఏపీలో 2022లో 23, తెలంగాణలో 2021లో 30. ఏపీలో 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటూ ఉండగా 23 శాతం ఫిట్‌మెంట్ అనేసరికి 2022 ఫిబ్రవరి 3న ఛలో విజయవాడకు ఎంతమంది కదిలారో మీకు గుర్తుండే ఉంటుంది. ఫిట్‌మెంట్ ముఖ్యమే, కానీ ఎవరికి? పీఆర్సీ అమలు తేదీ నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళకు. వాళ్ళ పాత బేసిక్‌కు డీఏ, ఫిట్‌మెంట్ కలిపి కొత్త స్కేలులో పై స్టేజిలో (మెట్టులో) పెడతారు. తర్వాతి పీఆర్సీ 2023 జూలై 1 నుంచి రావాలి. ఆ తేదీ నాటికి మీరు ఉద్యోగంలో లేరు, మీకు బేసిక్ లేదు. అమలు తేదీ అలాగే ఉంటే మీకు వర్తించేది కొత్త స్కేలు మొదటి మెట్టు. ఫిట్‌మెంట్ శాతం మీకు నేరుగా తగలదు.

ఫిట్‌మెంట్ కలిపి తేలే బేసిక్, కొత్త స్కేలు మొదటి మెట్టు రెండూ ఒకటే కదా అంటారా? ఏపీలో 2022లో ఒకటే అయ్యాయి. పాత 21,230కి డీఏ 30.392 శాతం, ఫిట్‌మెంట్ 23 శాతం కలిపితే 32,565, పై స్టేజి 32,670. స్కేలు మొదలు కూడా అదే. అందువల్ల పాత కనీసం మీద ఉన్నవాళ్ళూ, తర్వాత చేరినవాళ్ళూ ఒకే చోట మొదలయ్యారు. తెలంగాణలో అలా జరగలేదు. అక్కడ కమిషన్ సిఫారసు చేసిన ఫిట్‌మెంట్ 7.5 శాతం, కనీస వేతనం 19 వేలు. ప్రభుత్వం ఫిట్‌మెంట్‌ను 30కి పెంచింది, స్కేళ్ళ మొదలును మాత్రం పెంచలేదు. ఫలితం చూడండి. 2018 జూలై 1 నాటికి 21,230 మీద ఉన్న ఎస్‌జీటీకి లెక్క 34,051 వస్తుంది, ఆ పై స్టేజిలో పెడతారు. 2024 డీఎస్సీలో చేరిన ఎస్‌జీటీ మొదలుపెట్టింది 31,040 దగ్గర. పోస్టు అదే, స్కేలు అదే, ఇద్దరూ కనీస వేతనం మీద లెక్కే, కానీ కొత్తవాళ్ళకు మూడు వేలకు పైగా తక్కువ. మూడు ఇంక్రిమెంట్లకు పైనే. దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ, సీపీఎస్‌లో వాటా, తర్వాతి పీఆర్సీ, అన్నీ తగ్గినట్టే, సర్వీసంతా వెంట వస్తుంది.

ఇది ఎవరూ కావాలని చేశారని నేను అనను. చర్చలకు కూర్చునే సంఘాల నాయకులంతా సీనియర్లు. వాళ్ళ దగ్గరున్న సభ్యుల్లో ఎక్కువమంది సర్వీసులో ఉన్నవాళ్ళే. ఇంకా చేరని మనిషి తరఫున బల్ల దగ్గర ఎవరూ ఉండరు. ఈసారి ఏపీలో మీరు చేరి ఉన్నారు కాబట్టి మీ సంఘం మండల సమావేశంలో ఒక్కటి అడగండి: ఫిట్‌మెంట్ ఎంత ఇస్తే స్కేలు కనీసం కూడా అంతకు సరిపడా పెరగాలని మీ వినతిపత్రంలో ఉందా? లేకపోతే రాయించండి. మెగా డీఎస్సీ పోస్టులే 16,347. అంతమంది ఒకే మాట అడిగితే సంఘాలు వింటాయి.

కేంద్ర ప్రభుత్వంలో దీనికి తిరగేసి జరిగింది, సీనియర్లకు నష్టం. ఆరో వేతన సంఘం 2006 నుంచి డైరెక్ట్ రిక్రూట్లకు ఎంట్రీ పే విడిగా నిర్ణయించింది, 4600 గ్రేడ్ పే (పోస్టు స్థాయిని బట్టి ఉండే మొత్తం) వాళ్ళకు 17,140. అదే పోస్టుకు ప్రమోషన్‌లో వచ్చినవాళ్ళ ఫిక్సేషన్ కొన్ని చోట్ల దానికన్నా తక్కువ తేలింది. ఏళ్ళ తరబడి ట్రిబ్యునళ్ళలో నలిగింది. ఏడో వేతన సంఘం పే మ్యాట్రిక్స్ తెచ్చి ఎలా వచ్చినా లెవెల్‌లో మొదటి గడి అందరికీ కనీసం అనేదాకా ఆ గొడవ సాగింది.

మన దగ్గర కూడా దీనికి దగ్గరి విషయం ఒకటుంది, మీ స్టాఫ్‌రూమ్‌ల్లో మనస్పర్థలకు కారణం అవుతోంది. 2018 డీఎస్సీలో ఎస్‌జీటీగా వచ్చి ఐదారేళ్ళు చేసి స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ తీసుకున్నవాళ్ళు 44,570 దగ్గర ఫిక్స్ అవుతారు. మొన్న మెగా డీఎస్సీలో నేరుగా స్కూల్ అసిస్టెంట్‌గా వచ్చినవాళ్ళూ 44,570 దగ్గరే మొదలు. నా ఐదేళ్ళు ఏమైపోయాయి అని పాతవాళ్ళ బాధ. లెక్క ప్రకారం ఐదు ఇంక్రిమెంట్లు వేసుకున్నా ఎస్‌జీటీ 37,640 దగ్గరే ఉంటారు, ఎఫ్‌ఆర్ 22-బి (ప్రమోషన్‌లో బేసిక్ తేల్చే నిబంధన) కింద ఒక నోషనల్ ఇంక్రిమెంట్ వేసినా కొత్త స్కేలు మొదలును దాటరు, అందుకే కనీసం దగ్గర ఆగుతారు. ప్రమోషన్ వల్ల వాళ్ళకు ఒకేసారి ఏడు వేలు పెరిగింది కాబట్టి నష్టం అనలేం. ఇద్దరూ సమానంగా ఉన్నారే తప్ప సీనియర్‌కు తక్కువ లేదు, పైగా వచ్చిన దారి వేరు. అందువల్ల దీనికి స్టెప్ అప్ (సీనియర్ జీతాన్ని జూనియర్‌తో సమానం చేసే సవరణ) రాదు. చాలామంది అర్జీలు పెట్టి ఆశపడుతున్నారు, అనవసరంగా తిరగొద్దు.

మరి స్టెప్ అప్ ఎప్పుడు వస్తుంది? మీకిప్పుడే అవసరం లేదు గానీ తెలిసి ఉండాలి. ఇద్దరూ ఒకే కేటగిరీ, ఒకే సీనియారిటీ యూనిట్, ఒకే పద్ధతిలో నియామకం అయి ఉండాలి. కింది పోస్టులో సీనియర్ జీతం జూనియర్‌తో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ప్రమోషన్ ఫిక్సేషన్ నిబంధన వల్లనే పై పోస్టులో జూనియర్‌కు ఎక్కువ రావాలి. జూనియర్‌కు వేరే కారణంతో, ఉదాహరణకు అడ్వాన్స్ ఇంక్రిమెంట్ల వల్ల ఎక్కువ ఉంటే కుదరదు. సీనియర్ సెలవుల వల్ల తన ఇంక్రిమెంట్ వాయిదా పడి తక్కువైతే అదీ కుదరదు. ఇంకో రకం, బేసిక్ ఇద్దరికీ ఒకటే కానీ జూనియర్ ఇంక్రిమెంట్ తేదీ ముందు వస్తుంది, దాంతో ఏడాదిలో కొన్ని నెలలు జూనియర్ ముందుంటారు. దీనికి సీనియర్ ఇంక్రిమెంట్ తేదీని ముందుకు జరుపుతారు, ప్రీపోన్‌మెంట్ అంటాం. నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఇలా చాలా ఏళ్ళు ఏటా కొన్ని నెలలు తక్కువ తీసుకుంటూ, సిగ్గుపడి ఎవరినీ అడగకుండా ఉండిపోయింది. ఇద్దరి ఎస్ఆర్ కాపీలు పక్కపక్కన పెట్టి ఒక పోలిక పట్టిక తయారుచేసి డీడీఓ (జీతాల బిల్లు పెట్టే అధికారి) ద్వారా పంపించాం, అయింది. జూనియర్ పేరు, తేదీలు, ఆధారాలు లేకుండా 'నాకు తక్కువ వస్తోంది' అని అర్జీ రాస్తే ఏ ఆఫీసూ కదలదు.

మూడోది, మీ చేతిలో పూర్తిగా ఉన్నది: సర్వీస్ రిజిస్టర్. ఒకే రోజు చేరిన ఇద్దరికి పదిహేనేళ్ళ తర్వాత రెండు మూడు ఇంక్రిమెంట్ల తేడా కనపడితే నూటికి తొంభై పాళ్ళు కారణం ఎస్ఆర్‌లోనే దొరుకుతుంది. ఎక్కడెక్కడ జారిపోతుందో చెబుతాను.

మీ ఇంక్రిమెంట్ మీరు చేరిన నెల ఒకటో తారీఖున వస్తుంది. జీతం లేని సెలవు పెడితే అది ఆ మేరకు వెనక్కి జరుగుతుంది, మెడికల్ సర్టిఫికెట్ ఉంటే వేరే నిబంధనలున్నాయి. అందుకే సెలవు అవసరమైతే ముందు ఖాతాలో ఏ సెలవుంది చూసుకుని, అది మంజూరైనట్టు ఎస్ఆర్‌లో ఎంట్రీ పడేదాకా వదలొద్దు. దరఖాస్తు ఇచ్చాం కదా అని ఊరుకుంటే, ఎప్పుడో ఆడిట్ వచ్చి ఆ రోజులు లెక్కలేనివని తేల్చి ఇంక్రిమెంట్లన్నీ వెనక్కి జరిపి రికవరీ పెడుతుంది.

ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ 6, 12, 18 ఏళ్ళు, ఇలా ఆరేళ్ళకోసారి. ఒకే పోస్టులో ఉండిపోయినవాళ్ళకు ప్రమోషన్ లేని లోటు తీర్చడానికి పెట్టింది. ఆరేళ్ళది తేలిగ్గా వస్తుంది. పన్నెండేళ్ళ స్కేలుకు మాత్రం ప్రమోషన్ పోస్టుకు కావలసిన అర్హతలన్నీ ఉండాలి. డిగ్రీ, బీఈడీ, డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఏవి మీకు వర్తిస్తాయో ఇప్పుడే కనుక్కుని ముందే రాసి పాసవ్వండి. పాసైన తేదీ నుంచే లాభం వస్తుంది, వెనక్కి లెక్కించరు. పన్నెండో ఏడు దాటి నాలుగేళ్ళకు టెస్టు పాసైన వాళ్ళు ఆ నాలుగేళ్ళ తేడాను ఎప్పటికీ మోస్తారు. ఇంకోటి, ఈ స్కేళ్ళు మీరు అడిగితేనే కదులుతాయి, పేరు ఆటోమేటిక్ అని ఉంది కదా అని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ప్రమోషన్ వచ్చినప్పుడు ఆప్షన్ ఇవ్వాలి. ప్రమోషన్ తేదీ నుంచి ఫిక్స్ చేయాలా, కింది పోస్టులో తర్వాతి ఇంక్రిమెంట్ తేదీ నుంచి చేయాలా అన్నది మీ ఇష్టం, నెలలోపు రాసివ్వాలి. ఒకే రోజు ప్రమోషన్ పొందిన ఇద్దరిలో ఒకరు ఆప్షన్ ఇచ్చి ఒకరు ఇవ్వక, ఏటా ఒకరు ముందు ఒకరు వెనక నడవడం నేను చాలాసార్లు చూశాను. పన్నెండేళ్ళ స్కేలు ముందే తీసుకున్నవాళ్ళకు ప్రమోషన్‌లో 22-బి మళ్ళీ రాదు, కాబట్టి వాళ్ళ లెక్క వేరు. మీ టైమ్ వచ్చినప్పుడు రెండు రకాలుగా కాగితం మీద వేసుకుని చూసి నిర్ణయించుకోండి. లెక్క రాకపోతే అకౌంట్స్ తెలిసిన వాళ్ళ దగ్గర కూర్చుని వేయించుకోండి, స్టాఫ్‌రూమ్‌లో ఎవరో చెప్పారని సంతకం పెట్టొద్దు.

హెచ్ఆర్ఏ సంగతి ఒక్క మాట. సీనియర్లు బదిలీల్లో సర్వీసు పాయింట్లతో పట్నాల చుట్టుపక్కలకు వెళ్తారు, అక్కడ హెచ్ఆర్ఏ శాతం ఎక్కువ. కొత్తవాళ్ళు మారుమూల 10 శాతంలో ఉంటారు, పైగా రోజూ బస్సు, ఆటో ఖర్చులు. ఇది నిజంగా బాధే, నేను కాదనను. కానీ మారుమూల చేసినందుకు పాయింట్లు ఎక్కువ పడతాయి, కొన్నేళ్ళకు మీకే పనికొస్తాయి.

ఆన్‌లైన్ పనులన్నీ మీ మీదే పడుతున్నాయన్నారు. దాన్ని జీతం గొడవతో కలపొద్దు. రెండూ కలిపితే మేడం తనను దోచుకున్నదానిలా చూస్తున్నారని అనుకుంటారు, బడి వాతావరణం పాడవుతుంది. యాప్‌ల పని వంతులవారీగా చేద్దాం మేడం, మీకు నేర్పిస్తాను అని అడగండి. అలాగే ఆవిడ దగ్గర మీరు నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది. ఇరవై నాలుగేళ్ళ ఎస్ఆర్ ఆవిడ చేతిలో ఉంది. ఏ ఇంక్రిమెంట్ ఎప్పుడు పడింది, ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఎలా సరిచేయించుకున్నారు అని ఒక సాయంత్రం కూర్చుని చూడండి.

చివరిగా, మీరు ఒక విషయం చెప్పలేదు. ఇంతకు ముందు గ్రామ, వార్డు సచివాలయంలో పనిచేశారా? ఈ డీఎస్సీలో అలా వచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. 2019 అక్టోబరులో చేరినవాళ్ళు రెండేళ్ళ ప్రొబేషన్ అని 15 వేల మీద మొదలుపెట్టి, 2022 జూలైకి గానీ స్కేలు చూడలేదు. ఆ నష్టం ఎటూ తిరిగిరాదు, కానీ ఆ తర్వాతి సర్వీసు పోకుండా చూసుకోవచ్చు. మీరు పై అధికారి అనుమతితో పరీక్ష రాసి, రాజీనామా కాకుండా రిలీవ్ అయి వచ్చి ఉంటే పాత సర్వీసు కలుస్తుంది, మిగిలిన సెలవులు వస్తాయి. పాత బేసిక్ 32,670 కన్నా ఎక్కువ ఉంటే పే ప్రొటెక్షన్ (పాత బేసిక్ తగ్గకుండా చూడటం) అడగొచ్చు, తక్కువ ఉంటే ఎలాగూ కొత్త స్కేలు కనీసమే వస్తుంది. ప్రాన్ (సీపీఎస్ ఖాతా) నంబర్ పాతదే కొనసాగించాలి, కొత్తది తీసుకుంటే రెండు ఖాతాలై డబ్బు చిక్కుకుపోతుంది. రిలీవింగ్ ఆర్డర్, ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్), పాత ఎస్ఆర్, అనుమతి ఇచ్చిన ఉత్తర్వు కాపీ, ఈ నాలుగూ ఈ నెలలోనే తెప్పించుకుని మీ డీడీఓ దగ్గర ఎంట్రీ వేయించండి. ఆ ఆఫీసులో మీ ఫైలు చూసిన మనిషి బదిలీ అయిపోతే ఈ కాగితాలు దొరకడం చాలా కష్టం.

సచివాలయం సర్వీసు ఉంటే చేరిన తేదీ, ప్రొబేషన్ డిక్లేర్ అయిన తేదీ, చివరి బేసిక్ ఇక్కడ రాయండి. ఫిక్సేషన్ ఎలా వస్తుందో లెక్క వేసి చెబుతాను.